మార్జార శకునం: శాస్త్రమా, భ్రాంతియా?



విషయం

హైదరాబాదు నగరానికి తూర్పు దిక్కున ఉప్పల్, నాచారం ప్రాంతాలను ఆనుకొని మల్లాపూర్ ఉన్నది. ఒకప్పటి గ్రామం నేడు మహానగరంలో కలిసిపోయినది. తెల్లవారుజామున అక్కడి వీథులు సందడిగా ఉంటాయి. పారిశ్రామికవాడలో ఉదయపు షిఫ్టుకు పోయే కార్మికులు, పాల ప్యాకెట్లు పంచేవారు, సుప్రభాత సమయానికి ఆలయానికి చేరాలని నడిచే వృద్ధులు ఆ వేళ కనిపిస్తారు. అప్పుడు ఒక నల్లపిల్లి ప్రహరీగోడ దిగి వీథి దాటితే ఏమి జరుగుతుందో గమనింపదగినది. ద్విచక్రవాహనం ఆగుతుంది. నడిచేవాడు నిలిచిపోతాడు. ఒకడు చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగుతాడు, మరొకడు ఫోను తీసి చూస్తున్నట్టు నటిస్తాడు. సంగతి తెలియని పత్రికల బాలుడెవడో సైకిలు తొక్కుకుంటూ వచ్చి ఆ చోటు దాటిపోతాడు. అంతవరకు ఆగినవారందరు నిశ్చింతగా బయలుదేరుతారు.

ఇందులో ఆలోచింపవలసినది పిల్లిని గురించి కాదు, ఆగినవానిని గురించి. అతని నమ్మకం ప్రకారం పిల్లి దాటిన చోటును మొదట దాటినవానికి అరిష్టం తగులుతుంది. అంటే తనకు రావలసిన కీడు మరొకనికి పోవాలని అతడు వేచి ఉన్నాడు. ఆ మరొకడు పసివాడు కావచ్చు, గర్భవతి కావచ్చు, రోగికి మందు తెచ్చేందుకు పరుగెత్తే కొడుకు కావచ్చు. ఆగినవాని నొసట విభూతి ఉండవచ్చు, తిరునామం ఉండవచ్చు, పెదవులపై భగవన్నామం ఆడుతూ ఉండవచ్చు. హృదయంలో మాత్రం "కీడు వానికి పోనీ" అన్న సంకల్పం ఉన్నది. ఆ నమ్మకం సత్యమైతే ఇది మానసిక హింస. అసత్యమైతే మూఢత్వం. ఈ రెండింటిలో ఏదో ఒకటి కాక తప్పదు.

ఇంతటి అధర్మం సనాతనధర్మం పేరిట సాగుతున్నది కనుక దీనిని విచారింపవలసి ఉన్నది. మీమాంసకులు ఏ అంశాన్నైనా విషయం, సంశయం, పూర్వపక్షం, ఉత్తరపక్షం, నిర్ణయం అనే ఐదు అంగాలతో పరిశీలిస్తారు. అదే మార్గంలో నల్లపిల్లి శకునాన్ని పరిశీలించడం ఉచితం.

సంశయం

సంశయాలు మూడు. పిల్లి అడ్డు రావడం అశుభమని శాస్త్రంలో ఉన్నదా? ఉంటే అది ఏ సందర్భంలో, ఎవరికి చెప్పబడినది? పిల్లులన్నింటిలో నల్లదానికే విశేషదోషం ఎక్కడినుండి వచ్చినది?

పూర్వపక్షం

శకునాన్ని సమర్థించేవారు నాలుగు వాదాలు చెబుతారు. మొదటిది ఆచారం: పెద్దలు పాటించారు, పెద్దల ఆచారం ప్రమాణం కదా అంటారు. రెండవది గ్రంథం: శకునశాస్త్రమనేది ఉన్నది, రామాయణ భారతాలలో దుర్నిమిత్తాల వర్ణన ఉన్నది, కాబట్టి పిల్లి శకునం కూడా శాస్త్రీయమే అంటారు. మూడవది అనుభవం: ఫలానావాడు పిల్లి అడ్డు వచ్చినా లెక్కచేయక పోయాడు, పోయిన పని చెడినది అంటారు. నాల్గవది ఈ మధ్య చేరినది, విజ్ఞానం: పూర్వులు గొప్ప శాస్త్రజ్ఞులు, రాత్రివేళ పిల్లి కళ్ళు మెరిస్తే బండి ఎద్దులు బెదిరేవి, అందుకే ఆగమన్నారు అంటారు.

వాదాలు నాలుగైనా వాటి మూలం ఒక్కటే. అది భయం. అయినప్పటికీ ఒక్కొక్కదానికి సమాధానం చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు.

ఉత్తరపక్షం

స్మృతులు చెప్పినది ఏమిటి?

పిల్లి అడ్డు రావడమనే మాట ధర్మశాస్త్రాలలో నిజంగానే ఉన్నది. మనుస్మృతి నాల్గవ అధ్యాయంలో అనధ్యాయ ప్రకరణం వస్తుంది. వేదాధ్యయనం ఎప్పుడు ఆపవలెనో చెప్పే ప్రకరణమది. గురుశిష్యుల నడుమనుండి పశువు, కప్ప, పిల్లి, కుక్క, పాము, ముంగిస, ఎలుక వీటిలో ఏది దాటిపోయినా ఒక పగలు, ఒక రాత్రి అధ్యయనం నిలుపవలెనని అక్కడి విధి. యాజ్ఞవల్క్య స్మృతిలోను, గౌతమ ధర్మసూత్రంలోను ఇటువంటి విధులే కనిపిస్తాయి.

ఈ విధిని శ్రద్ధగా చదివినవానికి కొన్ని విషయాలు స్పష్టమవుతాయి. ఇది ప్రయాణానికి సంబంధించినది కాదు, అధ్యయనానికి సంబంధించినది. వీథి ప్రసక్తి ఇందులో లేదు, గురువుకు శిష్యునికి నడుమ ఉన్న స్థలమే ప్రసక్తం. పిల్లి ఏ రంగులో ఉండవలెనో స్మృతికారుడు చెప్పలేదు. వీటన్నింటికంటె ముఖ్యమైనది ఒకటున్నది. ఆ జాబితాలో పిల్లికంటె ముందు పశువు ఉన్నది. పేర్కొన్న ప్రాణులన్నీ అశుభమనే అర్థమే గ్రహిస్తే గోవు కూడా అపశకునం కావలెను. గోవు ఎదురైతే శుభమని కళ్ళకద్దుకునేవారు, అదే వాక్యంలోని పిల్లిని మాత్రం అశుభమని ఎలా తీసుకుంటారు? ఒకే వాక్యంలో సగం అంగీకరించి సగం విడిచే న్యాయాన్ని శాస్త్రకారులు అర్ధజరతీయమన్నారు. అది దోషం.

మరి ఆ విధి ప్రయోజనం ఏమిటి? వేదం గ్రంథంలో చూసి చదివినది కాదు, గురుముఖాన విని ధారణ చేసినది. స్వరం ఒక్కటి తప్పినా అర్థం మారుతుంది. పదం, క్రమం, జట, ఘనం అని ఒకే మంత్రాన్ని అనేక విధాలుగా వల్లించేది ఆ తప్పు దొర్లకుండా ఉండటానికే. గురువు దృష్టి శిష్యుని నోటిపై, శిష్యుని దృష్టి గురువు ముఖంపై నిలిచి ఉన్న సమయంలో నడుమ ఒక జంతువు దూరితే ఇద్దరి ఏకాగ్రత చెదురుతుంది. చెదరిన మనస్సుతో నేర్చిన పాఠం చెడిన పాఠం. కనుక విరామం. పాఠాన్ని కాపాడటానికి పుట్టిన ఆ నియమం పిల్లిని నిందించలేదు.

అధ్యయనం చేసే కుటుంబాల అరుగులమీది నియమం, అధ్యయనం పోయిన తరువాత అరుగు దిగి వీథిన పడినదని అనుకోవడం సహేతుకం. గురుశిష్యుల నడుమ దాటరాదన్నది "నాకు నా పనికి నడుమ దాటరాదు" అన్నట్టుగా మారినది. వేదం పోయినది, పిల్లి మిగిలినది. సంధ్యావందనం విడిచినవాడు కూడా పిల్లికి ఆగడం విడువలేదు.

అదే మనుస్మృతి పదకొండవ అధ్యాయంలో పిల్లిని చంపినవానికి ప్రాయశ్చిత్తం విధింపబడినది. చావవలసిన అశుభ జంతువును చంపితే ప్రాయశ్చిత్తమెందుకు? స్మృతికారుని దృష్టిలో దాని ప్రాణం విలువైనది కనుక.

ఆచారం ఎప్పుడు ప్రమాణం?

శిష్టాచారం ప్రమాణమే, సందేహం లేదు. అయితే శ్రుతి స్మృతులతో విరోధించని ఆచారమే ప్రమాణం. విరోధం కలిగినచోట ఆచారం బలహీనమని జైమిని మహర్షి సిద్ధాంతం. అంతేకాదు, ఒక ఆచారానికి లోభం వంటి లౌకిక కారణం కళ్ళకు కట్టినట్టు కనబడితే దానికి వేదమూలాన్ని ఊహింపనక్కరలేదని కూడా మీమాంస చెబుతుంది. పిల్లి శకునానికి భయం అనే లౌకిక కారణం పట్టపగలు కనబడుతూనే ఉన్నది.

ఆచారాలు ఎలా పుడతాయో తెలుగువారికి ఒక కథ బాగా తెలుసు. ఒక ఇంట తద్దినం నాడు పెంపుడు పిల్లి వంటలలో మూతి పెట్టకుండా యజమాని దానిని గంప కింద మూసి, కార్యం ముగిసిన తరువాత విడిచాడు. కొంతకాలానికి యజమాని పోయాడు, పిల్లి పోయినది. కొడుకు తద్దినం పెట్టవలసి వచ్చినప్పుడు ఊరంతా వెదకి ఒక పిల్లిని తెచ్చి గంప కింద మూసి, అప్పుడు గాని సంకల్పం చెప్పలేదు. ఈ కథకు నవ్వనివారు లేరు. నవ్విన తరువాత చెప్పులు తొడుక్కుని వీథిలోకి వచ్చి పిల్లిని చూసి ఆగేవారికి కూడా కొదవ లేదు.

ఆ తెలుగువారే "పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా" అని సామెత పుట్టించారు. ఉట్టిమీది పాలకుండ అందక పిల్లి ఎంత శపించినా ఉట్టి త్రాడు తెగదని ప్రతి వంటింటిలోను తెలుసు. ఉట్టిని తెంపలేని పిల్లి, ఉద్యోగాన్ని తెంపగలదా? వివాహాన్ని చెరుపగలదా?

శకునశాస్త్రం చెప్పినది ఏమిటి?

శకునశాస్త్రం ఉన్న మాట నిజం. క్రీస్తుశకం ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో శకునాలకు అనేక అధ్యాయాలు కేటాయించాడు. కానీ ఆ ప్రకరణం ఆరంభంలోనే ఆయన శకునమంటే ఏమిటో నిర్వచించాడు. పూర్వజన్మలలో చేసిన శుభాశుభకర్మ పరిపాకానికి వచ్చినదని ప్రయాణం చేసేవానికి తెలియజేసేది శకునం. అంటే శకునం ఫలాన్ని కలిగించదు, సూచిస్తుంది. శాస్త్ర పరిభాషలో అది జ్ఞాపకహేతువే గాని కారకహేతువు కాదు. పొగ నిప్పును తెలుపుతుంది, నిప్పును పుట్టించదు.

ఈ నిర్వచనాన్ని అంగీకరించినవాడు పిల్లిని చూసి ఆగడంలో ఏమైనా అర్థమున్నదా? కర్మ తనది. ఫలం తనది. తపాలా బంట్రోతు ఉత్తరం తెచ్చాడని అతనిని కొట్టినంత మాత్రాన ఉత్తరంలోని వార్త మారదు. వేరొకనిని ముందు దాటించినంత మాత్రాన తన కర్మఫలం వాని ఖాతాలోకి పోదు. చేసినవాడే అనుభవించవలెనన్నది కర్మసిద్ధాంతానికి పునాది. పత్రికల బాలుడు సైకిలు తొక్కుతూ పోయి ఒకని ప్రారబ్ధాన్ని తనపై వేసుకోగలిగితే, జపమెందుకు, తపమెందుకు, మోక్షమెందుకు? ప్రతి కూడలిలో ఒక బాలుడిని నిలబెట్టుకుంటే చాలును. పిల్లి శకునాన్ని శాస్త్రం పేరిట సమర్థించేవాడు తెలియకుండానే కర్మసిద్ధాంతాన్ని ఖండిస్తున్నాడు.

ఇతిహాసాలలోని నిమిత్తాలు

అరణ్యకాండలో ఖరుడు రామునిపై యుద్ధానికి బయలుదేరినప్పుడు దుర్నిమిత్తాలు కలిగాయి. గ్రద్ద ధ్వజంపై వాలినది, మేఘం రక్తం కురిసినది. ఖరుడు లెక్కచేయక పోయి హతుడైనాడు. కాబట్టి శకునం లెక్కచేయవలెనని పూర్వపక్షి అంటాడు. అయితే ఆ కథలో తరువాతి భాగాన్ని కూడా చదవవలెను. ఆ ఉత్పాతాలనే రాముడు చూశాడు, ఇవి రాక్షసుల వినాశానికి సూచనలని లక్ష్మణునితో చెప్పాడు. ఆకాశం ఒక్కటే, ఉత్పాతం ఒక్కటే. ఒకనికి చావు, మరొకనికి జయం. భేదం ఉత్పాతంలో లేదు, ధర్మంలో ఉన్నది. ఖరుడు ఆ దినం ఆగి మరునాడు బయలుదేరినా అధర్మం అతనిని విడిచేది కాదు.

కురుక్షేత్రంలో అర్జునుడు విషాదంతో చెప్పిన మాటలలో ఒకటి, తనకు విపరీత నిమిత్తాలు కనబడుతున్నాయని. భగవానుడు ఆ తరువాత పదిహేడు అధ్యాయాలు ఉపదేశించాడు. ఆత్మను గురించి చెప్పాడు, కర్మను, భక్తిని, గుణాలను, శ్రద్ధను గురించి చెప్పాడు. ఆ దుర్నిమిత్తాలకు పరిహారం మాత్రం చెప్పలేదు. ముహూర్తం మార్చమనలేదు, రథం ఆపమనలేదు. పదకొండవ అధ్యాయంలో నిమిత్తమనే పదాన్ని మరొక అర్థంలో తానే ప్రయోగించి, అర్జునుని నిమిత్తమాత్రుడవు కమ్మన్నాడు. శకునాలు వెదకే మనస్సుకు గీత ఇచ్చిన ఉత్తరం ఇదే. బయట నిమిత్తాలను చూడటం మాని, ఈశ్వరుని చేతిలో నీవు నిమిత్తం కావలెను.

నలుపు ఎక్కడినుండి వచ్చినది?

ఇక మూడవ సంశయం. నలుపు అశుభమైతే ఈ ధర్మంలో మిగిలేది ఏమిటి? తెలుగునాట వైదికులలో అత్యధికులు అధ్యయనం చేసే వేదశాఖ కృష్ణయజుర్వేదం. వేదాలను విభజించిన మహర్షి కృష్ణద్వైపాయనుడు. యజ్ఞానికి కావలసిన అజినం కృష్ణాజినం. పితృకార్యానికి కావలసినవి నల్లనువ్వులు. గర్భాలయంలో నల్లరాతి మూర్తి ముందు కర్పూరహారతి వెలిగితే భక్తుని కళ్ళు చెమరుస్తాయి. సాలగ్రామం నల్లనిది. కాళి నల్లనిది, గోపాలుడు నల్లనివాడు. నల్లనయ్యా అని పిలిచి నైవేద్యం పెట్టిన చేతులే, ఆలయం మెట్లపై పడుకొన్న నల్లపిల్లిపై రాయి విసరుతున్నాయి.

నల్లపిల్లిని దుష్టశక్తికి ప్రతినిధిగా నిలబెట్టిన లిఖిత సాక్ష్యాలకోసం చూస్తే దృష్టి ఐరోపాకు పోతుంది. 1233లో పోపు తొమ్మిదవ గ్రెగరీ 'వోక్స్ ఇన్ రామా' అనే లేఖను జారీ చేశాడు. జర్మనీ ప్రాంతంలో మతవిరోధులుగా ముద్రపడినవారు రహస్యంగా ఎటువంటి పూజలు చేస్తారో వర్ణించే ఆ లేఖలో నల్లపిల్లి ఒక పాత్ర. దాని ఆధారంగా పోపు పిల్లులన్నింటిని చంపమన్నాడని, అందుకే ఐరోపాలో ప్లేగు వచ్చినదని నేడు ప్రచారమున్నది. ఆ లేఖలో అటువంటి ఆజ్ఞ లేదు. అసత్యాన్ని అసత్యంతో ఖండింపరాదు. కానీ నల్లపిల్లి, సైతాను, మంత్రగత్తె అనే మూడింటి ముడి ఐరోపాలో క్రమంగా బిగిసినది. మంత్రగత్తెలన్న అభియోగంతో విచారణలు జరిగిన శతాబ్దాలలో పిల్లిని పెంచుకున్న వృద్ధురాలు కూడా అనుమానానికి గురి అయినది. 1843లో ఎడ్గార్ అలన్ పో అమెరికాలో 'నల్లపిల్లి' అనే కథ వ్రాసేనాటికి నల్లపిల్లులు మారువేషంలోని మంత్రగత్తెలనే జనవాదం ఆ కథలో ప్రస్తావనకు వచ్చేటంత పాతబడినది. తరువాత చలనచిత్రాలు వచ్చాయి. క్షుద్రపూజ దృశ్యమంటే పుర్రె, నిమ్మకాయ, నల్లపిల్లి అన్న సూత్రం తెలుగు ప్రేక్షకుని కళ్ళలో స్థిరపడినది.

పిల్లి అడ్డు వస్తే శంకించే అలవాటు దేశీయమే. అది పైన చెప్పిన అనధ్యాయ నియమానికి పట్టిన తుప్పు. దానికి పూసిన నల్లరంగులో పరదేశపు పాలు అధికమని తలచడం అసంగతం కాదు. పరమతస్థులపై నింద మోపడానికి వ్రాసిన ఒక విదేశీ లేఖలోని నీడను మల్లాపూర్ వీథిలో సనాతనాచారమని కాపాడుకోవడం కంటె పరిహాసాస్పదం ఉన్నదా?

ఈ దేశంలో నల్లపిల్లికి సంబంధించిన కథ వేరు. వంగదేశంలో షష్ఠీదేవి వ్రతకథ ప్రసిద్ధమైనది. శిశువులను రక్షించే ఆ తల్లి వాహనం పిల్లి. ఒక ఇంటి చిన్నకోడలు వంటింటిలోని పదార్థాలు దొంగతనంగా తిని, నల్లపిల్లి తిన్నదని అత్తకు చెప్పేది. దెబ్బలు పిల్లికి పడేవి. ఆ పిల్లి తన యజమానురాలైన దేవికి మొరపెట్టుకున్నది. కోడలికి పుట్టిన బిడ్డలు ఒకరి తరువాత ఒకరు మాయమైనారు. చివరకు ఆమె తన అసత్యాన్ని ఒప్పుకొని, పిల్లిని క్షమాపణ వేడి, షష్ఠిని అర్చించినప్పుడు బిడ్డలు తిరిగి లభించారు. ఈ కథలో దోషం నల్లపిల్లిది కాదు, తన తప్పును దాని నెత్తిన రుద్దిన మనిషిది. పురుటి ఆరవనాడు షష్ఠీపూజ చేయించుకొన్న కుటుంబాలు ఆ దేవి వాహనాన్ని చూసి ఉమ్మి వేయడం ఎంతటి అపచారమో ఆలోచించుకోవలెను.

అనుభవమనే వాదం

అనుభవాన్ని ప్రమాణంగా చూపేవారు న్యాయశాస్త్రం చెప్పే వ్యాప్తిని గుర్తుంచుకోవలెను. పొగ ఉన్నచోటనెల్లా నిప్పు ఉండవలెను, నిప్పు లేనిచోట పొగ ఉండరాదు. అప్పుడే పొగనుబట్టి నిప్పును ఊహించవచ్చును. పిల్లి దాటిన ప్రతిసారీ పని చెడినదా? పిల్లి దాటని దినాన అన్ని పనులు ఫలించినవా? ఒక్క వ్యభిచారం కనబడినా వ్యాప్తి నిలువదు. ఇక్కడ వందలు కనబడతాయి. బ్రిటనులో అనేక ప్రాంతాలలో నల్లపిల్లి ఎదురైతే అదృష్టమంటారు. జపానులో నల్లని మనేకి నేకో బొమ్మ కీడును తరిమివేస్తుందని ఇంటిలో పెట్టుకుంటారు. ఒకే జంతువు ఒక దేశంలో శుభం, మరొక దేశంలో అశుభం అయితే ఆ గుణం జంతువులో లేదని, చూసేవాని మనస్సులో ఉన్నదని తేలుతుంది. త్రాటియందు సర్పాన్ని చూసినట్టు పిల్లియందు మృత్యువును చూడటం అధ్యాస.

కాకి వాలడం, తాటిపండు పడటం ఒకేసారి జరిగితే కాకివల్ల పండు పడినదనుకోవడాన్ని కాకతాళీయమన్నారు పూర్వులు. పని చెడిన దినాన కనబడిన పిల్లి గుర్తుండిపోతుంది. పని ఫలించిన దినాన కనబడిన పిల్లిని ఎవరు లెక్కపెట్టారు? హేతువు లేకుండా ఒక్క చిన్న కార్యాన్నే సర్వమని పట్టుకొని వ్రేలాడే జ్ఞానాన్ని గీత పదునెనిమిదవ అధ్యాయంలో తామసమన్నది.

విజ్ఞానమనే ముసుగు

బండి ఎద్దులు బెదరినందువల్ల ఆగమన్నారనే వాదానికి గ్రంథాధారం చూపినవారు లేరు. ఒకవేళ అది నిజమనుకొన్నా, ఎద్దులు లేని ద్విచక్రవాహనం ఆగవలసిన అవసరమేమి? వేరొకరు దాటేవరకు వేచి ఉండటానికి, ఎద్దుల బెదురుకు సంబంధమేమి? తార్నాకనుండి ఉప్పల్‌కు పోయే మార్గంలో, మల్లాపూర్‌కు కొద్ది దూరంలోనే 1977లో స్థాపించబడిన సి.సి.ఎం.బి. ఉన్నది. జీవకణాలలోని మర్మాలను పరిశోధించే సంస్థ అది. పిల్లి నల్లగా ఉండటానికి కారణం రోమాలలోని మెలనిన్ అనే వర్ణకమని పాఠశాల బాలుడు కూడా చెబుతాడు. మనిషి తల వెంట్రుకలను నల్లగా చేసేది కూడా అదే. తన తలపై ఉన్నప్పుడు యౌవనచిహ్నం, పిల్లి ఒంటిపై ఉన్నప్పుడు యమదూత చిహ్నమా?

మూఢాచారానికి విజ్ఞానపు ముసుగు వేయడం పూర్వులకు గౌరవం కాదు. వారు చెప్పని దానిని వారి నోట పెట్టడం ఋషిద్రోహం. ఇదే మాట హేతువాదులకు కూడా వర్తిస్తుంది. వీథిలోని ప్రతి భయానికి శాస్త్రమే మూలమని వారు నిందిస్తారు. శాస్త్రాన్ని తెరచి చూడకుండా నమ్మినవాడు, తెరచి చూడకుండా నిందించినవాడు ఇద్దరూ ఒకే బల్లమీద కూర్చున్నారు.

పిల్లితో ఆగదు

కొందరు మృదువుగా అంటారు: "పోనిండి, ఒక్క నిమిషం ఆగితే నష్టమేమి?" నష్టమున్నది. ఎదురు రావడాన్ని బట్టి శుభాశుభాలు నిర్ణయించే అలవాటు పిల్లితో ఆగదు. తెలుగునాట అపశకునాల పట్టిక అందరికీ తెలిసినదే: పిల్లి, పాము, కట్టెలమోపు, ఒంటి బ్రాహ్మణుడు, భర్తను కోల్పోయిన స్త్రీ. పౌరోహిత్యానికి పిలిచి కాళ్ళు కడిగి దక్షిణ ఇచ్చిన బ్రాహ్మణుడే, మరునాడు ఒంటరిగా వీథిలో ఎదురైతే అపశకునమవుతున్నాడు. ఆయనకు కలిగేది అవమానం మాత్రమే. ఆ స్త్రీకి కలిగేది అంతకంటె దారుణం.

కన్నకూతురు వివాహం జరుగుతూ ఉంటుంది. పది నెలలు మోసిన తల్లి, భర్త పోయిన తరువాత ఒంటి చేతితో పెంచిన తల్లి, గది తలుపు చాటున నిలబడి మంగళవాద్యం వింటుంది. బిడ్డ మెడలో మాంగల్యం పడటం కళ్ళారా చూడటానికి ఆమె జంకుతుంది. తెల్లవారి ఆలయానికి రావలసిన ఆమె, ఎవరైనా శుభకార్యానికి బయలుదేరుతున్నారేమోనని సందు మలుపులో ఆగుతుంది. పిల్లికోసం మనుషులు ఆగుతున్నారు, మనుషులకోసం ఆమె ఆగుతున్నది. ఆమెను ఆపినది పిల్లి శకునాన్ని పుట్టించిన తర్కమే. ఒక ప్రాణి రూపం చూసి అశుభమనడం నేర్చిన నాలుక, మరొక ప్రాణి నొసలు చూసి అశుభమనడానికి ఎంతోసేపు పట్టదు.

శ్రీరామ పట్టాభిషేకంనాటికి దశరథుని భార్యలు వైధవ్యంలో ఉన్నవారే. అయోధ్యకు తిరిగి వచ్చిన రాముడు తల్లి పాదాలకు మ్రొక్కాడు. కౌసల్య ఆనందంతో వానరస్త్రీలను స్వయంగా అలంకరించినదని వాల్మీకి వ్రాశాడు. ఆమెను తలుపు చాటుకు పొమ్మన్నవాడు ఆ కావ్యంలో లేడు. ప్రతి సంవత్సరం సీతారామకల్యాణం చేయించే ఊళ్ళలో కౌసల్యవంటి తల్లులు తలుపు చాటున ఉండటం రామునికి ప్రీతి కలిగించే విషయం కాదు.

మార్జారకిశోర న్యాయం

శ్రీవైష్ణవ సంప్రదాయంలో ప్రపత్తిని వివరించడానికి రెండు న్యాయాలు ప్రసిద్ధమైనవి. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా కరచుకొని ఉంటుంది. పిల్లికూన ఏ ప్రయత్నమూ చేయదు, తల్లియే దానిని నోట కరచుకొని సురక్షిత స్థానానికి చేరుస్తుంది. భగవంతుని నిర్హేతుక కృపకు తెన్గలై సంప్రదాయం స్వీకరించిన ఉపమానం ఈ రెండవది. ఎలుకను చంపే ఆ పళ్ళే కూనకు గాటు పడకుండా పట్టుకుంటాయి. జీవుడు చేయవలసినది బరువును ఆ తల్లికి అప్పగించడమే.

పరమాత్మ కృపను తెలుపడానికి ఆచార్యులు ఎన్నుకొన్న ప్రాణి వీథిలో ఎదురైతే, అది భగవత్కృపను గుర్తు చేయవలెను గాని భయాన్ని కాదు. "నన్ను పిల్లికూనవలె మోసుకొని పో" అని ప్రార్థించిన ప్రపన్నుడు పిల్లిని చూసి దారి మార్చుకుంటే ఆ ప్రార్థన ఎంతవరకు నిజమైనది?

నిర్ణయం

పిల్లి వీథి దాటడం వలన ఏ దోషమూ లేదు. నల్లనైనందువలన విశేషదోషం అసలే లేదు. దోషం ఉన్నది ఆగినవాని సంకల్పంలో. తన కీడు పరునికి పోవాలని కోరడమే అసలైన అపశకునం. ఆ కోరికకు ప్రాయశ్చిత్తం నిమ్మకాయ కాదు, తాయెత్తు కాదు, డబ్బు తీసుకొని చేసే పరిహారపూజ కాదు. అటువంటి పరిహారాలను చెప్పి అమ్మేవారు భయాన్ని పోగొట్టరు, భయంతోనే బ్రతుకుతారు.

ఆస్తికుడు ఆచరింపదగినవి ఇవి. పిల్లి అడ్డు వచ్చినప్పుడు వాహన వేగం తగ్గించవలెను, శకునం కోసం కాదు, దాని ప్రాణం కోసం. అది దాటిన తరువాత ఇష్టదైవాన్ని స్మరించి, ఎవరికోసమూ వేచి ఉండక ముందుకు సాగవలెను. పక్కన ఎవరైనా భయపడి ఆగితే, వారికంటె ముందు తానే దాటి వారి భయాన్ని తీర్చవలెను. నల్లవన్న కారణంతో కూనలను సంచిలో పెట్టి ఆలయ ప్రాంగణంలో విడిచిపెట్టే పని మానవలెను. పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. ఇంటిలో వండినదానిలో ఒక ముద్ద మూగప్రాణులకు పెట్టడం గృహస్థధర్మం. పిల్లికి బిచ్చం పెట్టనివాడని పిసినారిని తిట్టే భాషలో పుట్టినవారికి ఇది కొత్తగా చెప్పనక్కరలేదు.

అన్నింటికంటె ముఖ్యమైనది ఇంకొకటి. శుభకార్యానికి బయలుదేరే వేళ భర్తను కోల్పోయిన తల్లి ఎదురైతే ఆగి, పాదాలకు నమస్కరించి, ఆమె ఆశీర్వాదం తీసుకొని ముందుకు సాగవలెను. ఆగదగిన సందర్భం అదొక్కటే.

శ్రీకృష్ణార్పణమస్తు